పాత ఫ్రీజరులో బీరు పులియబెట్టడం: కొంత శాస్త్రం, కొంత అనుభవం

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళ ఇళ్ళలో గరాజులో ఒక పెద్ద ఫ్రీజరు ఉండడం పరిపాటి. ఇండియా నుంచి వచ్చిన అమ్మ ఉడికించి ముద్దలు కట్టి వెళ్ళిన గోంగూర, సంచుల్లో దాచిన కరివేపాకు, ములక్కాడ ముక్కలు, ఎప్పుడో చవగ్గా దొరికిందని కొన్న కొబ్బరి తురుము ఏళ్ళ తరబడి అందులో నిద్రపోతుంటాయి. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక ఆ పెట్టె క్రమంగా ఖాళీ అవుతుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. మాది మూత పైకి తెరుచుకునే పెట్టె తరహా ఫ్రీజరు. ఏడు ఘనపుటడుగులది, అంటే సుమారు 200 లీటర్లది. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్న వేసవిలోనే, డాలస్ ఎండలకు నేను ఇంట్లో కాచిన బీరు మూడోసారి పాడయింది. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి పరిష్కారమని తట్టడానికి నాకు మరో రెండు నెలలు పట్టింది.

పాడవడమంటే బూజు పట్టడమో, పుల్లగా విరిగిపోవడమో కాదు. పాత్రలన్నీ శుభ్రంగా కడిగాను, కొలతలు తప్పలేదు, ఈస్టు మంచిదే. అయినా, మొహమాటానికి సగం గ్లాసు తాగిన మిత్రుడొకడు "గోళ్ళరంగు తుడిచే మందు వాసనొస్తోంది గురూ" అన్నాడు. అతనికి రసాయనశాస్త్రం తెలియదు గానీ ముక్కు సరైనదే. ఆ వాసన ఇథైల్ అసిటేట్‌ది. గోళ్ళరంగు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో ఉండేది అదే పదార్థం. ఆ రోజుల్లో మా గరాజు ఉష్ణోగ్రత రాత్రిపూట కూడా 31 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గలేదు. (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.)

ముందుగా చట్టం మాట ముగిస్తాను. ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు నేరమే. 1920లో మొదలైన మద్యనిషేధం 1933లో ముగిసినప్పుడు ఇంట్లో వైను చేసుకోవడానికి వెసులుబాటు దొరికింది గానీ, బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో ప్రెసిడెంటు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చాక, వయోజనుడు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంట్లో 200 గాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు. రాష్ట్రాల చట్టాలు వేరు. మిసిసిపీ, అలబామా 2013లో గానీ దారికి రాలేదు. కాచినదాన్ని అమ్మకూడదు, బట్టీ పెట్టి సారా దించకూడదు. బ్రిటన్‌లో 1963 నుంచే దీనికి లైసెన్సు అక్కర్లేదు. సౌదీ అరేబియా, కువైట్‌లలో ఉన్న పాఠకులకు మాత్రం ఈ వ్యాసం చదువుకోవడానికే. అక్కడ ఇది శిక్షార్హం.

పులిసేటప్పుడు పుట్టే వేడి

బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, కాల్చితే మాల్టు అవుతుంది. (రాగిమాల్టు అనే మాటకూ అసలర్థం ఇదే. ఇప్పుడు ఉత్త రాగిపిండికి కూడా ఆ పేరు వాడేస్తున్నాం.) ఆ మాల్టును వేడినీళ్ళలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపితే అది చక్కెరలను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. ఇక్కడివరకూ అందరికీ తెలిసినదే. తరచుగా మరిచిపోయేది మూడవ ఉత్పత్తిని: వేడి.

ఎంత వేడి? చిన్న లెక్క వేద్దాం. ఇంట్లో కాచేవాళ్ళు మామూలుగా ఒకసారికి 5 గాలన్లు, అంటే 19 లీటర్లు, కాస్తారు. అందులో నూటికి 12 వంతులు మాల్టు సారం ఉందనుకుంటే అది దాదాపు 2.4 కిలోలు. ఈస్టు దానిలో సుమారు మూడింట రెండు వంతులు, ఒకటిన్నర కిలోకు కాస్త పైన, ఆరగిస్తుంది. కిలో సారం పులిస్తే దాదాపు 590 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. మొత్తం 900 కిలోజౌళ్ళ పైచిలుకు. ఇరవై కిలోల ద్రవాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 80 కిలోజౌళ్ళు చాలు కాబట్టి, ఈ వేడి ఎటూ పోకుండా బంధిస్తే బీరు తనంతట తానే 11 డిగ్రీలు వేడెక్కాలి. నిజానికి పాత్ర గోడల గుండా కొంత వేడి బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి, పులుపు జోరుగా ఉన్న రెండు మూడు రోజులూ బీరు చుట్టూ ఉన్న గాలికన్నా మూడు నుంచి అయిదు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంటుంది. గరాజులో 31 డిగ్రీలంటే పాత్రలో 35 అన్నమాట. నేను గోడమీది థర్మామీటరు చూసి మోసపోయాను.

ఏల్ తరహా బీర్లు పులియబెట్టే ఈస్టుకు 18–22 డిగ్రీలు, లాగర్ ఈస్టుకు 8–13 డిగ్రీలు హితం. ఈ హద్దు దాటితే ఈస్టు చచ్చిపోదు; పైపెచ్చు ఉత్సాహంగా పెరుగుతుంది. చిక్కంతా ఆ ఉత్సాహంతోనే. అమితవేగంతో పెరిగే కణాలు అమైనో ఆమ్లాల నుంచి బరువైన ఆల్కహాళ్ళను, వాటితోపాటు ఎస్టర్లను మోతాదు మించి వదులుతాయి. కొద్దిగా ఉంటే ఐసోఅమైల్ అసిటేట్ అరటిపండు వాసననిస్తుంది; కొన్ని జర్మన్ గోధుమ బీర్లకు అదే అందం. హద్దు మీరితే మిగిలేది నా మిత్రుడు పట్టిన వాసన, గొంతులో మంట. ఇవి ఎక్కువగా పుట్టేది ఈస్టు సంఖ్య పెరిగే మొదటి రెండు మూడు రోజుల్లోనే. ఆ తరువాత ఎంత చల్లబరిచినా, ఎన్ని వారాలు నిలవ ఉంచినా పోవు.

మన తాటికల్లుకు ఈ బాధ ఎందుకు లేదని నాకో సందేహం ఉండేది. ఉదయం దించిన కల్లు మధ్యాహ్నానికి నురగకట్టి, సాయంత్రానికి పుల్లబడుతుంది. ఎండాకాలం తాటితోపులో ఎవరూ థర్మామీటరు పెట్టరు. జవాబు ఆ వాక్యంలోనే ఉంది. కల్లును ఆ రోజే తాగేస్తారు. పైగా దానిలో పనిచేసేది ఈస్టు ఒక్కటే కాదు, రకరకాల బాక్టీరియా కూడా. ఆ పులుపే దాని రుచి. బీరు వారాల తరబడి నిలవ ఉండి, ఏ పులుపూ లేకుండా తేటగా నిలవాలి. దోషం దాక్కోవడానికి దానిలో చోటు లేదు.

బవేరియా రాజాజ్ఞ నుంచి లిండె యంత్రం దాకా

ఈ కష్టం నాకు కొత్త గానీ లోకానికి కొత్త కాదు. 1553లో బవేరియా పాలకుడు, ఐదవ ఆల్బ్రెఖ్ట్, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాచరాదని ఆజ్ఞ జారీచేశాడు. వేసవిలో కాచిన బీరు చెడిపోవడం అప్పటికే అందరికీ అనుభవం. కారణం తెలియకపోయినా పరిష్కారం దొరికింది. చలికాలంలో కాచి, మంచుగడ్డలు నింపిన నేలమాళిగల్లో వేసవి దాకా దాచేవారు. లాగర్ అనే మాట 'నిలవచేయు' అనే అర్థమున్న జర్మన్ క్రియ నుంచి వచ్చినదే. ఆ చలికి ఓర్చుకోగలిగిన ఈస్టు ఒక సంకరజాతి. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మామూలు ఏల్ ఈస్టు అని ముందే తెలుసు. రెండవది పటగోనియా అడవుల చెట్లపై దొరికిందని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

పందొమ్మిదో శతాబ్దంలో సహజమైన మంచుగడ్డల వ్యాపారం ఎంత పెద్దదో మనవాళ్ళకు గుర్తు చేయనక్కరలేదు. మద్రాసు సముద్రతీరంలో ఇప్పుడు వివేకానందుడి పేరుతో ఉన్న ఐస్‌హౌస్ 1842లో కట్టింది అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలను దాచడానికే. అయితే యూరప్ బీరు కర్మాగారాలకు చెరువులు గడ్డకట్టే చలికాలం వస్తేనే మంచు. ఒక ఏడు చలి తక్కువైతే ఆ ఏటి వ్యాపారం దెబ్బతిన్నట్టే. 1870లలో మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ ప్రొఫెసరుగా ఉన్న కార్ల్ ఫాన్ లిండె తయారుచేసిన శీతలీకరణ యంత్రాన్ని మొదట ఆదరించి, ప్రయోగాలకు చోటిచ్చింది స్పాటెన్ బీరు కర్మాగారం యజమాని గాబ్రియెల్ జెడెల్మాయర్. ఆపైన 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచి చూపాడు. ఆ రెండింటితో బీరు ఋతువుల పట్టునుంచి బయటపడింది. అంటే, నేడు మన వంటింట్లో పాలు, పెరుగు చల్లగా ఉంచే పెట్టె వంశవృక్షంలో బీరు కర్మాగారం ఉంది. పాత ఫ్రీజరులో బీరుపాత్ర పెట్టడం ఒక విధంగా దాన్ని పుట్టింటికి పంపడమే.

యంత్రం లేకుండా చల్లబరిచే మార్గాలు లేవా? ఉన్నాయి. మన ఊళ్ళలో కూజాకు తడిగుడ్డ చుట్టినట్టే, పులిసే పాత్రకు తడిపిన టీషర్టు తొడిగి, నీళ్ళతొట్టిలో నిలబెట్టి ఫ్యాను పెట్టవచ్చు. గాలిలో తేమ తక్కువైన ఆరిజోనా వంటి చోట నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది; హ్యూస్టన్ ఉక్కలో తగ్గదు. పశ్చిమ నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకొచ్చిన క్వైక్ అనే ఈస్టు 35 డిగ్రీల దగ్గర కూడా శుభ్రంగా పులియబెడుతుంది. దానితో కాచిన బీరు నాకు నచ్చింది. కానీ ఏడాది పొడుగునా అదే రకం తాగాలంటే విసుగు.

పెట్టెను మార్చడం

మార్చడం అన్నాను గానీ, ఫ్రీజరులో మార్చవలసినది ఏమీ లేదు. దాని సొంత థర్మోస్టాటు మైనస్ 18 డిగ్రీల చుట్టుపక్కలకే పనిచేస్తుంది. దాన్ని విప్పి మరొకటి బిగించనక్కర్లేదు. గోడప్లగ్గుకూ ఫ్రీజరుకూ మధ్య ఒక ఉష్ణోగ్రత నియంత్రకాన్ని, అంటే టెంపరేచర్ కంట్రోలరును, పెడితే చాలు. దాని తీగ చివరి ప్రోబు బీరు వేడిని కొలుస్తుంది. మనం పెట్టిన అంకె దాటగానే ఫ్రీజరుకు కరెంటు వదులుతుంది, కిందికి రాగానే ఆపేస్తుంది. ఫ్రీజరు మాత్రం తాను ఎప్పుడూ మైనస్ 18 కోసమే ప్రయత్నిస్తున్నాననుకుంటుంది. రెండు సాకెట్లున్న కంట్రోలరు కొనడం మంచిది: ఒకటి చల్లబరచడానికి, రెండవది వేడిచేయడానికి. టెక్సస్‌లో కూడా జనవరిలో గరాజు 5 డిగ్రీలకు పడిపోయే రాత్రులుంటాయి.

వేడికి మామూలు బల్బు వాడవద్దు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదుపదార్థాలు విడిపోయి, స్కంక్ అనే జంతువు వదిలే కంపును తలపించే గంధక సమ్మేళనం పుడుతుంది. బల్లుల్ని, పాముల్ని పెంచేవాళ్ళు వాడే, వెలుగు లేని చిన్న హీటింగ్ ప్యాడ్ సరిపోతుంది. పెట్టె గోడల్లో మందంగా నురగ ఉంది కాబట్టి పాతిక వాట్లు చాలు.

అసలు మెలకువ ప్రోబును ఎక్కడ పెట్టాలనేది. మొదట్లో నేను దాన్ని పెట్టెలో గాలిలో వేలాడదీశాను. గాలికి ఉష్ణధారణ శక్తి బహుతక్కువ. క్షణాల్లో చల్లబడుతుంది, నిమిషాల్లో వేడెక్కుతుంది. ఫలితంగా కంప్రెసరు పదేపదే మొదలై ఆగేది. బీరు మాత్రం అంకెలు చూపే దానికన్నా మూడు నాలుగు డిగ్రీల వెచ్చదనంతో హాయిగా పులుస్తూనే ఉంది. పై లెక్క చూడండి: బీరు నుంచి మూడు రోజులపాటు పుట్టే వేడి సగటున మూడున్నర వాట్లు, మహా జోరులో దానికి రెట్టింపు. ఫ్రీజరు తోడిపారేయగల వేడి వంద వాట్ల పైమాటే. బలం చాలకపోవడం కాదు ఇక్కడి సమస్య, బలం ఎక్కువవడం. కాబట్టి ప్రోబును పాత్ర పక్కకు, ద్రవం మట్టానికి కిందుగా, టేపుతో గట్టిగా అంటించి, దానిపై అరచేయంత నురగముక్క కప్పాలి. అప్పుడది గాలిని కాక బీరును కొలుస్తుంది. ఇరవై కిలోల ద్రవం నెమ్మదిగా మారుతుంది, కంప్రెసరుకు గంటల విశ్రాంతి దొరుకుతుంది. హెచ్చుతగ్గుల మధ్య తేడా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఉంచితే చాలు. అంతకన్నా బిగిస్తే, చల్లదనం అవసరానికి మించి పోయి హీటరు వెలగడం, అది ఎక్కువై మళ్ళీ ఫ్రీజరు తిరగడం, ఈ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. కంప్రెసరు ఆగాక కూడా గోడలు మైనస్‌లోనే ఉండి కాసేపు చల్లబరుస్తూనే ఉంటాయని గుర్తుంచుకోవాలి.

కంప్రెసరు ఆగిన వెంటనే తిరిగి మొదలుకాకుండా కంట్రోలరులో అయిదు నుంచి పది నిమిషాల ఆలస్యం పెట్టే ఏర్పాటుంటుంది. ఇది అలంకారం కాదు. యంత్రం ఆగినప్పుడు ఒకవైపు వాయువు అధిక పీడనంలో, మరోవైపు తక్కువ పీడనంలో ఉంటుంది. సన్నటి కేశనాళిక గుండా రెండూ సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ లోపల కరెంటు వస్తే మోటారు తిరగలేక, భారీగా కరెంటు గుంజుకుని, కొన్నాళ్ళకు తీగచుట్ట కాలిపోతుంది.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. ఒక శుక్రవారం సాయంత్రం రుచి చూద్దామని మూత తెరిచినప్పుడు ప్రోబు ఊడివచ్చి బయట వేలాడింది. నేను చూసుకోకుండా మూత వేసి ఊరికి వెళ్ళాను. కంట్రోలరు గరాజు వేడిని కొలుస్తూ, బీరు 34 డిగ్రీలుందనుకుని ఫ్రీజరును ఆపకుండా నడిపింది. ఆదివారం రాత్రికి 19 లీటర్లూ రోడ్డుపక్క అమ్మే ఐసుగోలాలోని తురుములా ఉంది. ఇప్పుడు ప్రోబు తీగను పెట్టె లోపలి గోడకు మరో చోట కూడా అంటించి, ఉష్ణోగ్రత తేడా వస్తే కూత పెట్టే అలారమున్న కంట్రోలరు వాడుతున్నాను.

తీగ లోపలికి పోవడానికి రంధ్రం చేయాలా? వద్దు. మూత అంచున ఉన్న రబ్బరు పట్టీ కిందుగా సన్నటి తీగ ఇబ్బంది లేకుండా దూరుతుంది. పెట్టె తరహా ఫ్రీజర్లలో వాయువు నాళాలు గోడల లోపలే చుట్టి ఉంటాయి. చాలావాటిలో వేడిని వదిలే నాళాలు కూడా బయటి రేకు వెనకే ఉంటాయి. గోడకు డ్రిల్లు పెడితే నాళం తెగి పెట్టె పాతసామాను కింద జమ. అంతకన్నా ముఖ్యం, 1990ల తొలినాళ్ళకు ముందటి యంత్రాల్లో ఆర్-12 ఉంటుంది. ఓజోను పొరకు చేటుచేసే దాన్ని తెలిసి గాలిలోకి వదలడం అమెరికాలో చట్టవిరుద్ధం. ఇటీవలి వాటిలో వాడే ఐసోబ్యుటేన్ మండే వాయువు. నిలువు ఫ్రీజరు అయితే మరో చిక్కు: చల్లబరిచే నాళాలు అరల్లోనే ఉంటాయి, అరలు తీస్తే యంత్రమే పోతుంది. ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దని నా సలహా.

ఫ్రీజరు మైనస్‌లో ఉన్నప్పుడు తేమ గోడలకు మంచుగా అంటుకుంటుంది. 19 డిగ్రీల దగ్గర అదే తేమ నీటిబొట్లై అడుగున చేరుతుంది. రెండు వారాల్లో నల్లబూజు, ఆర్నెల్లలో తుప్పు. తిరిగి ఆరబెట్టుకోగల సిలికా జెల్ డబ్బా ఒకటి, అడుగున పాత తువ్వాలు ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడు మూత కొద్దిగా తెరిచి ఉంచడం: ఇవి చాలు. లోపల చిన్న కంప్యూటరు ఫ్యాను తిరుగుతుంటే అడుగున చల్లగాలి, పైన వెచ్చగాలి పేరుకోకుండా ఉంటుంది. మా పెట్టెలో ఏళ్ళనాటి ఇంగువ వాసన మాత్రం వంటసోడాతో మూడుసార్లు కడిగితే గానీ పోలేదు.

రెండు ప్రమాదాలు, ఒక నడుంనొప్పి

ఒకటిన్నర కిలో సారం పులిస్తే దాదాపు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. గది ఉష్ణోగ్రతలో దాని పరిమాణం 370 లీటర్ల పైన, అంటే మా ఫ్రీజరు ఘనపరిమాణానికి దాదాపు రెట్టింపు. గాలికన్నా బరువైనది కాబట్టి అది పెట్టెలో బావిలో నీళ్ళలా నిలుస్తుంది. మూత తెరిచిన వెంటనే తలవంచి లోపలికి తొంగిచూస్తే ఊపిరి పట్టేస్తుంది, కళ్ళు తిరుగుతాయి. పాతబావిలోకి దిగేముందు దీపం దించి చూసేవారని విన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మూత తెరిచి, ఫ్యాను పెట్టి, కొన్ని నిమిషాలు ఆగాలి. గరాజు తలుపు కూడా తెరిచి ఉంచాలి.

రెండవది పిల్లలు. పారేసిన రెఫ్రిజరేటర్లలో ఆడుకుంటూ పిల్లలు చిక్కుకుని చనిపోయిన సంఘటనల వల్లే, తలుపు లోపలినుంచి తెరుచుకోవాలని అమెరికా కాంగ్రెసు 1956లో చట్టం చేసింది. పాత ఫ్రీజర్లకు తాళాలుంటాయి. తాళం పరికరాన్ని పూర్తిగా విప్పి తీసేయండి. బీరు దొంగలకన్నా మనవల ప్రాణం ముఖ్యం.

నిండు పాత్ర బరువు పాతిక కిలోలకు తక్కువ కాదు. దాన్ని నడుమెత్తు గోడమీదుగా వంగి లోపలికి దించడం నాలాంటి యాభై దాటినవాళ్ళు చేయదగిన పని కాదని ఒక వారం మంచంమీద ఉండి నేర్చుకున్నాను. ఖాళీ పాత్రను ముందు లోపల పెట్టి, చల్లార్చిన రసాన్ని గొట్టంతో అందులోకి నింపితే సరి. తీసేటప్పుడు చిన్న పంపు.

ఇక నడిపే తీరు. ఏల్‌కు మొదటి మూడు రోజులు 18 లేక 19 డిగ్రీలు. బుడగలు నెమ్మదించాక రోజుకో డిగ్రీ చొప్పున 21 దాకా ఎక్కనివ్వాలి. ఈస్టు వదిలిన ఒక పదార్థం బీరులో డైఅసిటైల్‌గా మారి వెన్న వాసననిస్తుంది. చివరి దశలో కాస్త వెచ్చదనం ఉంటే ఈస్టే దాన్ని తిరిగి తినేస్తుంది. లాగర్‌కు 10–12 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, చివర్లో 18కి తెచ్చి, ఆపైన 1–2 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు. అలా చల్లబరిచినప్పుడు పాత్రలోని వాయువు కుంచించుకుని, ఎయిర్‌లాక్‌లోని ద్రవాన్ని లోపలికి పీల్చుకుంటుంది. అందుకని దానిలో కుళాయినీళ్ళు కాక కాస్త వోడ్కా పోస్తాను.

మొదటిసారి పాడైన అవే దినుసులతో, అదే ఈస్టుతో, 19 డిగ్రీల దగ్గర మళ్ళీ కాచాను. తేడా చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు. ఆ వాసన లేదు, మంట లేదు, మాల్టు తీపీ హాప్స్ చేదూ విడివిడిగా తెలుస్తున్నాయి. ఆ మిత్రుడు ఈసారి వ్యాఖ్యానమేమీ చేయలేదు. గ్లాసు ముందుకు జరిపాడు. మెరిసే స్టీలు పాత్రలకు, ఖరీదైన మాల్టు మరలకు డబ్బు పోసేముందు ఈ నియంత్రకం కొనమని కొత్తవాళ్ళకు చెబుతుంటాను. అయితే ఇది శుభ్రత లేని చేతికి, చచ్చిన ఈస్టుకు మందు కాదు. పైగా ఒక పెట్టెకు ఒకే ఉష్ణోగ్రత: లాగర్ 2 డిగ్రీల దగ్గర ఆరు వారాలు కూర్చుంటే ఆ ఆరు వారాలూ మరేదీ పులియబెట్టలేం.

ఈ ఇరుకు మా ఇంట్లో మరో విధంగా కూడా వచ్చిపడింది. చలికాలంలో ఇడ్లీపిండి పొంగక, ఓవెన్‌లో దీపం వెలిగించి పెట్టడం మా ఆవిడకు అలవాటు. ఇడ్లీపిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ జాతి బాక్టీరియా. వాటికి 28–30 డిగ్రీలు కావాలి. హీటరు సాకెట్టున్న పెట్టె గరాజులో ఉందని తెలిసిన మొదటి డిసెంబరులోనే ఆవిడ కంట్రోలరు మీద 29 నొక్కడం నేర్చుకుంది. ఇప్పుడు ఫ్రీజరు మూతమీద ఒక కేలండరు అంటించి ఉంది. శుక్ర, శనివారాలు పిండివి. బీరు కాచాలంటే నేను పది రోజుల ముందు పేరు రాసుకోవాలి.